రెండో ఆదివారం చరిత్ర సభ: ఉపన్యాసం కన్నా టిఫిన్ దగ్గర మాటలే నయం

మా రాజమండ్రిలో నెలకో ఉపన్యాసం, వీలు చిక్కినప్పుడల్లా ఊరి నడక, కార్తికంలో వనభోజనం పెట్టే చరిత్ర సంఘం ఒకటుంది. పేరు కావాలనే రాయడం లేదు. ఇందులో నేను మెచ్చుకున్నవాటితో పాటు ఏకి పెట్టినవీ ఉన్నాయి. నడిపేవాళ్ళేమో నలుగురైదుగురు పెన్షనుదార్లు, చేతి డబ్బు పెట్టుకుని మరీ చేస్తున్నారు. ఊళ్ళోవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది, బయటివాళ్ళకి పేరుతో పనిలేదు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చరిత్ర మీద నాకై నాకు పుట్టిన భక్తేమీ లేదు. మా అత్తయ్యగారికి ఎనభై దగ్గర పడుతోంది. ఆవిడకి సభలంటే ప్రాణం, ఆవిణ్ణి మెట్లెక్కించి దించేవాళ్ళు కావాలి. అలా మొదలైన రాకపోకలు ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చాయంటే, ఆవిడకి ఒంట్లో బాగాలేక ఆగిపోయిన ఆదివారం కూడా నేను ఆటో ఎక్కేస్తున్నాను. "నన్నొదిలేసి ఎలా వెళ్ళావే అమ్మాయ్" అని వారం రోజులు సాధించారు కూడా.

సభ ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం అయిదింటికి. కార్డు మీద అయిదని ఉంటుంది, దీపం వెలిగేది అయిదున్నర దాటాకే. ఇన్నీస్‌పేటలో ఒక పాత మేడ మీద హాలు. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఒక వైపే కమ్మీ. సభ్యుల్లో సగం మందికి మోకాళ్ళ నొప్పులు, హాలు చూస్తే మేడ మీద. అద్దె తక్కువట, అదొక్కటే కారణం. పంకాలు తిప్పితే వక్త వినపడడు, ఆపితే కూర్చోలేం. ముందు మూడు వరసల్లో కుషన్ కుర్చీలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. సభ్యత్వం ఏడాదికి 500 రూపాయలు. కట్టకపోయినా ఎవరూ ఆపరు, టిఫిన్ కూడా పెట్టే పంపిస్తారు. ఈ విషయంలో వాళ్ళ మర్యాదకి వంక పెట్టలేం.

నేను విన్నవాటిలో అన్నిటికన్నా మంచి ఉపన్యాసం రాజరాజనరేంద్రుడి రాగిరేకుల మీద, అంటే రేకుల మీద చెక్కిన శాసనాల మీద. చెప్పినాయన తెలుగు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. తెర మీద బొమ్మలేసి కింద ఉన్నది చదివేసే రకం కాదు. దళసరి అట్టని రేకుల కొలతకి కత్తిరించి, పక్కన చిల్లు పొడిచి, అందులోంచి ఒక ఇనుప రింగు దూర్చి, ఆ రింగుకి మట్టితో చేసిన ముద్ర అతికించి తెచ్చారు. దాన్ని మొదటి వరసలో ఇచ్చి, చేతులు మారుతూ వెనక దాకా పోనిచ్చారు. రేకులకి చిల్లెందుకు, రింగెందుకు, దాని అతుకు మీద ముద్ర ఎందుకు అన్నది చేతిలో పట్టుకున్నాక ఇక చెప్పక్కర్లేదు. మధ్యలో ఒక రేకు లాగేసి దొంగ రేకు చేర్చాలంటే రింగు కోయాలి, కోస్తే తెలిసిపోతుంది. ఆ రాజుగారి వంశమైన తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న అక్షరాలు. మా అత్తయ్యగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. పక్కావిడ చెయ్యి చాపినా ఓ పట్టాన ఇవ్వలేదు.

తరవాత ఆయన కోరుమిల్లి శాసనంలో తేదీ దగ్గరికి వచ్చారు. అక్కడ నేను నిటారుగా కూర్చున్నాను. రాజుగారి పట్టాభిషేకం ఏ ఏడాది జరిగిందో అంకెల్లో రాయలేదు, "వేదాంబురాశినిధి" అని శ్లోకంలో పొదిగారు. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి వెనక్కి రాసుకుంటూ పోతే 944. శక సంవత్సరం కాబట్టి 78 కలిపితే 1022. వెనక వరసలోంచి ఒకాయన లేచి, "సముద్రాలు ఏడు కదండీ మాస్టారూ, మీరు నాలుగు వేశారేంటి?" అన్నారు. మామూలుగా అయితే ఇలాంటి చోట వక్తలు నవ్వేసి దాటేస్తారు. ఈయన దాటెయ్యలేదు. "ఏడు వేసి చూద్దాం రండి" అని బోర్డు దగ్గరికెళ్ళారు. ఏడు వేస్తే 974, అంటే 1052. కానీ నందంపూడి శాసనం 1053 నాటిది, అది ఈ రాజు ఏలుబడిలో ముప్ఫై రెండో ఏడని అందులోనే ఉంది. 1052లో పట్టం కడితే మరుసటేడు ముప్ఫై రెండో ఏడు ఎలా అవుతుంది? కాబట్టి ఇక్కడ సముద్రాలు నాలుగే. లెక్కల క్లాసులో నేను ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పే పద్ధతి ఇదే: ఒప్పుకుని చూడు, పొసగకపోతే కొట్టెయ్. ఒక తెలుగు మాస్టారు రాగిరేకు మీద దాన్ని చేసి చూపించాక, సోమవారం తొమ్మిదో తరగతిలో నా ఉదాహరణ మార్చేశాను.

ఆ శ్లోకంలోనే మాసం, తిథి, నక్షత్రం, వారం కూడా ఉన్నాయి. సూర్యుడు సింహరాశిలో ఉండగా, బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారం. చరిత్రకారులు దాన్ని 1022 ఆగస్టు 16గా తేల్చారు. ఇంటికొచ్చి పాత జూలియన్ క్యాలెండరు లెక్కన వారం కట్టాను. గురువారమే వచ్చింది. అత్తయ్యగారికి చెబితే, "వాళ్ళకి తెలీదా ఏంటి" అని తీసిపారేశారు.

ఈ ఊరికి చరిత్ర సంఘాలు కొత్త కూడా కాదు. ఆ పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన 1922లో ఇక్కడే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వెంకట కృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు లాంటివాళ్ళు అందులో పనిచేశారు. ఊరూరా తిరిగి శాసనాలు పోగేసి, చదివి, పత్రిక అచ్చేశారు. సుబ్బారావుగారి పేరుతో గోదావరి గట్టు పక్కన ప్రభుత్వ మ్యూజియం ఇప్పటికీ ఉంది, టికెట్టు కూడా పెద్ద లెక్కలోది కాదు, ఊళ్ళోవాళ్ళే వెళ్ళరు. ఇప్పుడు నేను రాస్తున్న సంఘం తాము ఆ మండలికి వారసులమని ప్రతి సభలోనూ చెప్పుకుంటుంది. వారసత్వం సంగతికి మళ్ళీ వస్తాను.

ముందు శాలువాల గురించి. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అని ముగ్గురుంటారు. ఒక్కొక్కరికీ శాలువా, దండ, జ్ఞాపిక, మూడు ఫోటోలు. ఆ తరవాత ఒక్కొక్కరూ "నేను ఎక్కువసేపు మాట్లాడను" అని మొదలుపెడతారు. ఆత్మీయ అతిథి అంటే ఎవరో, ఎవరికి ఆత్మీయుడో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. అసలు వక్తకి మైకు అందేసరికి ఆరుంబావు. ఏడింటికి హాలు ఖాళీ చెయ్యాలి. కింద టిఫిన్ చల్లారుతూ ఉంటుంది. హేవలాక్ వంతెన మీద ఉపన్యాసానికి ఇదే జరిగింది. పాపం ఆ రిటైర్డు ఇంజినీరుగారు ఎంతో కష్టపడి తయారైవచ్చారు. వంతెన లేనప్పుడు రైలు దిగినవాళ్ళు కొవ్వూరు రేవుకీ రాజమండ్రి రేవుకీ మధ్య స్టీమరు ఎక్కడం దగ్గర మొదలుపెట్టారు. బెనారస్ దగ్గర గంగ మీద వంతెన కట్టిన ఇంజినీరు వాల్టనే ఇక్కడికొచ్చి 56 స్పాన్ల (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాల) వంతెన కట్టడం, మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టి 1900లో రైళ్ళు వదలడం దాకా బాగా చెప్పుకొచ్చారు. అప్పుడు కార్యదర్శిగారు గడియారం చూపించారు. ఇక 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 1997లో పాతదానికి సెలవిచ్చి కమాను వంతెన మీదికి రైళ్ళు మళ్ళించడం, ఇదంతా అయిదు నిమిషాల్లో. ఇరవై దాకా స్లయిడ్లు సినిమా రీళ్ళలా తిరిగిపోయాయి.

కాని ఆ రోజు కిందకి దిగాక జరిగింది చెప్పాలి. ఈ సంఘానికి నేను మార్కులు వేస్తున్నది దానికే.

టిఫిన్ వరండాలో. మైసూరు బజ్జీ, అల్లం పచ్చడి, కాఫీ. ఒక్కోసారి ఉప్మా. బజ్జీ ఎప్పుడూ బాగుంటుంది, కాఫీ ఎప్పుడూ తియ్యగా పానకంలా ఉంటుంది. ఒక పెద్దాయన, పంచె కట్టు, రైల్వేలో పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్‌గా చేసి దిగిపోయారట, పైన సభలో చివరి వరసలో కూర్చుని నోరు మెదపలేదు. ఇక్కడ ప్లేటు పట్టుకుని ఇంజినీరుగారి పక్కన నిలబడి, "అయ్యా, మీరు స్పాన్లు చెప్పారు గానీ రెఫ్యూజీలు చెప్పలేదండి" అన్నారు. వంతెన మీద పని చేస్తుండగా రైలు వచ్చేస్తే నిలబడడానికి అక్కడక్కడా పక్కకి పొడుచుకొచ్చిన చిన్న అరుగుల్లాంటివి ఉంటాయిట, వాటిని రెఫ్యూజీలంటారు. రైలు పక్కనుంచి పోతుంటే ఆ ఇనప కమ్మీ ఎలా వణికేదో, కింద నీళ్ళు చూస్తే కళ్ళు ఎలా తిరిగేవో, అందుకని కొత్తవాడికి పాతవాడు ముందే ఏం చెప్పేవాడో ఆయన చెబుతుంటే చుట్టూ జనం చేరారు. ఆపైన 1986 ఆగస్టు వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. రాత్రింబవళ్ళు గస్తీ తిరుగుతూ, స్తంభాల మీద నీటి గుర్తు ఎంత పెరిగిందో లాంతరు పట్టుకుని చూసి ఫోను మీద చెప్పడం వాళ్ళ పని. వరదలో ఏమేమి కొట్టుకొచ్చాయో చెబుతూ ఒక చోట ఆగి, కాఫీ తాగి, మాట మార్చేశారు. ఎవరూ గుచ్చి అడగలేదు.

ఇంజినీరుగారు ప్లేటు పక్కన పెట్టేసి వింటున్నారు. మా అత్తయ్యగారు మధ్యలో దూరి, రైలు వంతెన మీదికి రాగానే పిల్లలందరి చేతికీ తలో పైసా ఇచ్చి గోదాట్లో వేయించడం, కమ్మీలకి తగిలి కొన్ని పెట్టెలోకే తిరిగొచ్చేవని చెప్పారు. దానికి గ్యాంగ్‌మన్‌గారు, "పట్టాల పక్కన దొరికేవండి అమ్మా, మేం ఏరుకునేవాళ్ళం, ఆయ్" అన్నారు. అత్తయ్యగారు ఒక్క క్షణం ఆగి, "గోదావరికిచ్చినవి మీరు తీసుకున్నారా!" అన్నారు. వరండా అంతా ఒకటే నవ్వు.

పైన గంటన్నర సేపు జరిగినదాన్ని వీడియో తీశారు. శాలువాలతో సహా. కింద జరిగినదాన్ని ఎవరూ ఒక్క ముక్క రాసుకోలేదు. ఆ నెల సంచికలో, అదే, ఎనిమిది పేజీల కరపత్రం ఒకటి వేస్తారు, అచ్చుతప్పులకి దానికదే సాటి, అందులో ముఖ్య అతిథి ప్రసంగం ముప్పావు పేజీ, గ్యాంగ్‌మన్‌గారి మాట సున్న. వారసత్వం సంగతికి వస్తానన్నాను కదా, అదిక్కడే. 1922 నాటివాళ్ళు పల్లెటూళ్ళకెళ్ళి, గుడి గోడల మీదివీ, పొలం గట్ల మీది రాళ్ళవీ తడి కాగితం అద్ది, సిరా పట్టించి ప్రతులు తీశారు. అవి లేకపోతే ఇవాళ మనకి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఇప్పటి సంఘానికి రాళ్ళు వెతుక్కుంటూ పోయే పని కూడా లేదు, ఆధారాలే నడుచుకుంటూ వచ్చి బజ్జీలు తింటున్నాయి. జేబులో ఫోను తీసి రికార్డు బొత్తాం నొక్కడానికి ఏమి అడ్డం? ఈ మాట కార్యదర్శిగారితో అన్నాను. "మంచి సూచనమ్మా, కార్యవర్గంలో పెడతాం" అన్నారు. ఇంకా కార్యవర్గంలోనే ఉంది.

వీరేశలింగంగారి మీద సభ చప్పగా పోయింది. వచ్చినాయన ఎక్కడికి పిలిచినా అదే ప్రసంగం చేస్తారని వినికిడి. యుగపురుషుడు, మహనీయుడు, గోదావరి నీటిలో మహిమ. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళోనే మొదటి వితంతు వివాహం జరిగింది కదా, ఆ ఇల్లు ఎక్కడ, ఎవరు వచ్చారు, ఎవరు తలుపులేసుకున్నారు, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం ఎందుకు చేశారు, ఆ తరవాత ఊళ్ళో వాళ్ళ బతుకెలా సాగింది, ఇవేవీ లేవు. చివర్లో ప్రశ్నలకి సమయం లేదన్నారు. మా అత్తయ్యగారు లేచి నిలబడ్డారు. "ప్రశ్న కాదు నాయనా, ఒక్క పేరు చెప్పడం మరిచిపోయారు. రాజ్యలక్ష్మమ్మగారు" అన్నారు. వీరేశలింగంగారి భార్య ఆవిడ. వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ ఇంటి గడప తొక్కం అన్నప్పుడు గోదావరి నుంచి బిందెలు మోసుకొచ్చి, పెళ్ళికొచ్చినవాళ్ళకి వండి వార్చింది ఆవిడ కదా అని. "సంస్కరణ ఆయనది, చాకిరీ ఆవిడది" అనేసి కూర్చున్నారు. చప్పట్లు వక్తగారికి పడ్డవాటికన్నా ఎక్కువే పడ్డాయి. ఆ సభకి నేనిచ్చే మార్కులన్నీ అత్తయ్యగారి ఖాతాలోకే.

1907 ఏప్రిల్లో వందేమాతరం ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఇక్కడికి వచ్చినప్పటి కథ మీద ఒక కుర్రాడు మాట్లాడాడు, డిగ్రీ చదువుతున్నాడట. కవి చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు పాల్ ఇంగ్లీషు ఉపన్యాసాల్ని తెనిగించడం, భరతఖండాన్ని పాడియావుగానూ తెల్లవాళ్ళని దూడల మూతి బిగగట్టి పాలు పిండుకునే గొల్లవాళ్ళుగానూ పోలుస్తూ పద్యం చెప్పడం, వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నందుకు ట్రెయినింగ్ కాలేజీలో ప్రిన్సిపల్ మార్క్ హంటర్ అక్కడి విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావుని గెంటెయ్యడం. పక్కాగా చెప్పాడు, సమయానికి ముగించాడు. ఆ వయసువాళ్ళు ఇంకో నలుగురు వస్తే బాగుండును. హాల్లో నల్ల జుట్టు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు, అందులోనూ రంగు వేసుకున్నవాళ్ళని తీసెయ్యాలి.

ఊరి నడకలు పొద్దున్నే ఆరింటికి. ఇవి నాకు ఇష్టమే గానీ నిర్వహణ బొత్తిగా లేదు. ముప్ఫై నలభై మంది మెయిన్ రోడ్డు మీద పాముకుంటూ పోతే ముందున్న పదిమందికే వినపడుతుంది, వెనకవాళ్ళం షట్టర్లు ఎత్తుతున్న కొట్లు చూసుకుంటూ నడుస్తాం. చేతి మైకు ఒకటి కొంటే తీరిపోయే బాధ. ఆడవాళ్ళకి బాత్రూము ఎక్కడన్నది ఎవరూ ముందు ఆలోచించరు. మ్యూజియం తెరిచే వేళ చూసుకోకుండా తీసుకెళ్ళి, తాళం కప్పకి ఎదురుగా నిలబెట్టి, లోపల ఏముందో చెప్పిన రోజు కూడా ఉంది.

అయినా మసీదు దగ్గర ఆగిన నడక ఒకటి మాత్రం మరవలేను. మెయిన్ రోడ్డు మీద జామియా మసీదు గుమ్మం పైన పారశీక శాసనం ఉంది. గియాసుద్దీన్ తుగ్లక్ ఏలుబడిలో సాలార్ ఉల్వీ కట్టించినట్టు, హిజ్రీ 724 రంజాను మాసమని అందులో ఉంది. అంటే 1324. గాజులకీ చీరలకీ వెళ్ళినప్పుడల్లా ఆ గుమ్మం ముందునుంచే పోతాను, ఒక్కనాడూ తల ఎత్తి చూసింది లేదు. గుంపులో ఒకాయన ఆ స్థలం గురించి వాదం లేవదీయబోయారు. నడిపిస్తున్నాయన గొంతు పెంచకుండా, "శాసనంలో ఏముందో అది చదువుదాం, లేనిది ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అని పంక్తి పంక్తీ అర్థం చెప్పారు. మసీదు పెద్దమనిషి ఒకరు బయటికొచ్చి చెప్పులు నీడలో పెట్టుకోమన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు.

అక్కడే ఒకమ్మాయి, "724కి 600 కలిపితే 1324 కదా, మరి ఇప్పుడు హిజ్రీ 1447, దానికి 600 కలిపితే 2047 రావాలి కదా?" అని అడిగింది. ఎవరూ పలకలేదు. నేను అందుకున్నాను. చాంద్రమాన సంవత్సరం ఇంచుమించు 354 రోజులే, మన క్యాలెండరు కన్నా ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. తెలుగు పంచాంగంలో అధికమాసం వేసి సరిపెడతారు, హిజ్రీలో వెయ్యరు. ఆ పదకొండు రోజులు ముప్ఫై మూడేళ్ళకి ఒక ఏడాది అవుతాయి. ఏడు వందల ఏళ్ళలో ఇరవై రెండేళ్ళ దాకా తేడా వచ్చేసింది, అందుకే అప్పటి 600 ఇప్పుడు 578. నడిపిస్తున్నాయన డైరీలో రాసుకున్నారు. అప్పటినుంచి నన్ను "లెక్కలమ్మగారు" అంటున్నారు, తేదీల తకరారు వస్తే ఫోను చేస్తున్నారు.

వనభోజనం ధవళేశ్వరంలో. ఏడాది మొత్తానికి ఒక్కసారే వెళ్ళగలిగినవాళ్ళు దీనికే వెళ్ళండి. పొద్దున కాటన్ మ్యూజియం, ఆ తరవాత ఒక సభ్యుడి తోటలో ఉసిరి చెట్టు కింద పంక్తి. మ్యూజియంలో ఆనకట్ట నమూనా ముందు నిలబడి వింటే పటంలో ఎప్పుడూ అర్థంకానిది అర్థమైంది: ఆనకట్ట ఒక్క గోడ కాదు, మధ్యలో లంకల్ని కలుపుకుంటూ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు, ఆయన పక్కనుండి కూలీల్ని కూడగట్టి పని నడిపించిన వీణం వీరన్నగారి గురించి చెప్పడం నాకు నచ్చింది.

భోజనాల దగ్గర ఇంకో తమాషా. వక్తగారు ఊపులో, ఆనకట్టకి రాయి మోయడానికి 1840లలోనే ఇక్కడ పట్టాలు పరిచారు, బొంబాయి - ఠాణా బండి 1853లో, కాబట్టి దేశంలో మొదటి రైలు మనదే అన్నారు. అందరం పొంగిపోయాం. పప్పు వడ్డిస్తున్న ఆయన గరిటె ఆపి, "మద్రాసులో రెడ్‌హిల్స్ దగ్గర రాయి మోసిన రైలు 1837లోదండి, దాని వెనకా ఈ కాటనే" అన్నారు. వక్తగారు విస్తట్లో వేలు కదపకుండా కాసేపు ఆలోచించి, "అయితే రెండోది మనది" అని ఒప్పుకున్నారు. వడ్డించినాయన ఎవరని అడిగితే వంట మేస్త్రీ బావమరిదిట, మద్రాసులో ఏళ్ళ తరబడి ఉండి వచ్చాడట. సంఘంలో సభ్యుడు కూడా కాదు.

వంట గురించి రాయకపోతే పాపం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, గుమ్మడికాయ ముక్కల దప్పళం, పులిహోర, పూర్ణం బూరెలు. బూరెకి చిల్లు పొడిచి నెయ్యి పోస్తున్నారు, వద్దన్నవాళ్ళకి కూడా. పనసపొట్టులో ఆవ కాస్త ఘాటెక్కిందని అత్తయ్యగారి తీర్పు, నాకు మాత్రం సరిగ్గా ఉంది. మనిషికి 300 తీసుకున్నారు, బస్సుతో కలిపి. ఆ తరవాత తంబోలా, అంత్యాక్షరి. తంబోలా అంకెలు పిలవడం నాకు అప్పజెప్పారు. అంకె పిలవడం సరే, ఆ ఏడాది గోదావరి జిల్లాలో ఏం జరిగిందో కూడా చెప్పాలని షరతు పెట్టారు: 52 అంటే ఆనకట్ట, 81 అంటే పెళ్ళి, 22 అంటే పట్టాభిషేకం. ఎవరి ఆలోచనో గానీ పిల్లలు కూడా ఆడారు.

వాట్సాప్ గ్రూపులో చేరమంటారు. చేరండి గానీ నోటిఫికేషన్లు ఆపేసుకోండి. రోజుకి పాతిక శుభోదయాలు, వాటి మధ్యలో ఎక్కడో సభ తేదీ ఉంటుంది. పాత ఫోటోలు కొన్ని అరుదైనవి వస్తాయి, ఎవరు తీశారో ఎప్పటివో రాయరు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. శాలువాలు ఒకటికి తగ్గించి, హాలు కింద అంతస్తుకి మార్చి, వరండాలో ఒక మనిషిని రికార్డు చెయ్యడానికి కూర్చోబెట్టిన రోజున అయిదుకి అయిదూ ఇస్తాను. వెళ్ళదలుచుకున్నవాళ్ళు ఆరుంబావుకి వెళ్ళండి, ఏమీ పోదు. టిఫిన్ అయ్యేదాకా మాత్రం కదలకండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వెంట తీసుకెళ్ళండి, మెట్ల దగ్గర సాయం పట్టడానికి కుర్రాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి మీరే పట్టాలి. వచ్చే నెల విషయం గోదావరి మీద పడవలూ లాంచీలూ అట. రేవుల్లో పనిచేసినవాళ్ళెవరైనా మీకు తెలిస్తే చెప్పండి, వాళ్ళని తీసుకొచ్చి బజ్జీల బల్ల పక్కన నిలబెట్టే పని నేనూ అత్తయ్యగారూ చూసుకుంటాం. ఫోను ఛార్జింగు పెట్టుకునే వస్తాను.